ఓళిగ పద్ధతి

2003 ఆగస్టు పదకొండు, సోమవారం. ఆ రోజు మేం బ్రెడ్డు తిన్నాం.

మా అనంతపురం వైపు బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్ళు పాలలో ముంచుకొని తినే వస్తువు. ఒంట్లో ఏ నలతా లేని ఎనిమిది మందిమి ఫ్యాను కింద వరసగా కూర్చొని, అంచులు కోసేసిన బ్రెడ్డు ముక్కలు చేతుల్లో పట్టుకొని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. రెండు ముక్కల మధ్య పచ్చగా ఏదో రాసి ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన శిక్షకుడు ప్రవీణ్ గారు, "అప్పుడే తినకండి. ముందు దాన్ని గమనించండి" అన్నారు. గమనించాం. ఈగలు కూడా గమనించాయి.

"ఈ వారం మీరు నేర్చుకోబోయేది మీ చేతిలోనే ఉంది. పైన మెచ్చుకోలు, కింద మెచ్చుకోలు, చెప్పాల్సిన విషయం మధ్యలో. ఎవరికైనా వాళ్ళ పని గురించి చెప్పేటప్పుడు ఇలాగే చెప్పాలి. దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటారు."

మా సంస్థ పని ఇదీ: వానలు మొహం చాటేసి, బోర్లు ఎండిపోయి, ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్ళకు మనుషుల్ని పంపడం. మిగిలినవాళ్ళు మళ్ళీ అన్నం తిని, నిద్రపోయి, నలుగురితో మాట్లాడేదాకా వాళ్ళ వెంట ఉండడం. అట్లా వెళ్ళేవాళ్ళను కౌన్సిలర్లు అంటారు. ఎక్కువమంది పాతికేళ్ళ లోపు ఆడపిల్లలు. వాళ్ళ పనిని దగ్గరుండి చూసి, బాగోగులు చెప్పడానికి కొత్తగా మా ఎనిమిది మందిని సూపర్‌వైజర్లుగా పెట్టుకున్నారు.

నా పేరు శ్రీరంగప్ప. అంతకుముందు రాయదుర్గంలో ఒక ప్రైవేటు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. మూడేళ్ళలో పిల్లలంతా ఒకరి వెనక ఒకరు జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లకు వెళ్ళిపోయారు. అది తర్కానికి నిలిచే నిర్ణయమే కాబట్టి నేనేమీ అనలేకపోయాను. కాలేజీ మూతపడింది. ఆ ఏడే నా భార్య సరోజ పోయింది. ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోలేక సోషల్ వర్కులో ఒక డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలో చేరాను.

ప్రవీణ్ గారు బ్రెడ్డు గురించి చెబుతుండగా, మా ఆఫీసు వంటమనిషి తిమ్మక్క టీ పళ్ళెం పట్టుకొని గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఏమప్పా, దీన్ని చెప్పేకి బెంగళూరు నుంచి రావల్లనా? ఇది మా ఓళిగే కదా! పైన పిండి, కింద పిండి, నడాన పూర్ణం."

ప్రవీణ్ గారి కళ్ళు వెలిగాయి. ఆయన వెంటనే వెనక్కి తిరిగి, చార్టు మీద 'శాండ్‌విచ్' కొట్టేసి 'ఓళిగ పద్ధతి' అని పెద్ద అక్షరాలతో రాశారు. "దీన్నే స్థానికీకరణ అంటారు. అందరూ తిమ్మక్క గారికి చప్పట్లు కొట్టండి" అన్నారు. కొట్టాం. తిమ్మక్క టీ పెట్టేసి, వీళ్ళకేదో అయిందన్నట్టు చూసి వెళ్ళిపోయింది.

నాకు ఒక అనుమానం వచ్చింది. పాత అలవాటు. "సార్, ఓళిగ అంటే బొబ్బట్టు. దాంట్లో తీపంతా పూర్ణంలోనే ఉంటుంది. పైనా కిందా ఉండేది చప్పటి పిండి. మీరు చెప్పేదాంట్లో తీపి పైనా కిందా ఉంది, చేదు మధ్యలో ఉంది. ఓళిగ అని చెబితే మా పిల్లలు మధ్యలో వచ్చేదే అన్నిటికన్నా తియ్యటి మాట అనుకోరా?"

"చాలా మంచి పాయింటు శ్రీరంగప్ప గారూ," అన్నారు ప్రవీణ్ గారు. "దీన్ని పార్క్ చేద్దాం."

గోడకు ఇంకో చార్టు ఉండేది. దాని పేరు పార్కింగ్. తరవాత మాట్లాడదామనుకున్న విషయాలను పసుపు కాగితం మీద రాసి దానికి అంటించేవారు. సోమవారం సాయంత్రానికి దాని మీద కక్కసులో నీళ్ళు లేని సంగతి, కణేకల్ బస్సు వేళల సంగతి, నా ఓళిగ సంగతి ఉన్నాయి. ఆ చార్టు మీదికి ఎక్కిన కాగితం ఏదీ దిగడం నేను చూడలేదు. జిగురు మంచిది.

మంగళవారం మెచ్చుకోవడం సాధన చేశాం. అందుకోసం కౌన్సిలర్ పిల్లలందర్నీ పిలిపించి, మాకు జతలు కట్టారు. నా జత హేమావతి. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి పిల్ల. బీయే చదివింది. గలగలా మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఎవరింటికి పోయినా ఆ ఇంటి పిల్లలా కలిసిపోతుంది. ఆ ఆగస్టు చివర్లో ఆమెను పర్మనెంటు చెయ్యాలా వద్దా అన్నది తేలాలి. తేల్చేది నేనిచ్చే రిపోర్టు.

మా వైపు ఎవర్నీ మొహం మీద మెచ్చుకోరు. పిల్ల బాగుందంటే దిష్టి, పంట బాగుందంటే దిష్టి. మనిషిని నిలబెట్టి గుణాలన్నీ వరసగా చెప్పేది రెండు సందర్భాల్లోనే. మేష్టరు బదిలీ అయిపోతున్నప్పుడు, మనిషి పోయినప్పుడు. అట్లాంటిది ఆ రోజు మేం ఎనిమిది మందిమి ఎనిమిది మందిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, మీ గొంతు చాలా శాంతంగా ఉంటుంది, మీ ఓర్పు గొప్పది, మీరు సమయానికి వస్తారు అని చదివాం. ఒక పిల్ల, తన ఉద్యోగం తీసేస్తున్నారనుకొని ఏడ్చింది. ప్రవీణ్ గారు అది ఆనందం అన్నారు.

సాయంత్రం పిల్లలంతా వంటింటి వైపు పోయారు. తిమ్మక్క ఎండు మిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి ఒక్కొక్కరికీ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు శిక్షణ హాలు దాకా వచ్చింది. 'మెచ్చుకోలు వల్ల కలిగే లాభాలు' అనే చార్టు ముందు నిలబడి ప్రవీణ్ గారు కళ్ళ నీళ్ళు కారేలా దగ్గారు. "వంటలో కారం కొంచెం తగ్గించమనండి" అన్నారు. తగ్గించమని ఎవరూ చెప్పలేదు.

బుధవారం పొద్దున నేనూ హేమావతీ వజ్రకరూరు అవతల ఒక పల్లెకు వెళ్ళాం. ఆమె ఒక ఇంట్లో ఎట్లా మాట్లాడుతుందో చూసి, మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో, ప్రవీణ్ గారి వీడియో కెమెరా ముందు, ఓళిగ పద్ధతిలో ఆమెకు చెప్పాలి. డబ్బిచ్చే విదేశీ సంస్థ వాళ్ళకు ఆ క్యాసెట్టు పంపుతారట.

చూడ్డానికి వెళ్ళినవాడు గోడలా ఉండాలన్నది నియమం. పలకకూడదు, తలూపకూడదు, మొహం మారకూడదు. ఉద్యోగం లేని రోజుల్లో నాకు దానికి మంచి సాధనే అయింది.

ఆ వైపు తొలకరి పడితే జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. ఆ ఏడు చినుకే లేదు. వెతికేవాళ్ళూ లేరు. దుక్కి దున్నని నేల ఎర్రగా, గట్టిగా, కాళ్ళ కింద పెంకులా మోగుతోంది. మేం వెళ్ళింది ఓబులమ్మ ఇంటికి. ఆమె మొగుడు కుళ్ళాయప్ప మాఘమాసంలో పోయాడు. హేమావతి అప్పట్నుంచీ ప్రతి బుధవారం వస్తోంది.

"చూస్తారు కదా సార్, ఎంత మారిందో," అంది దారిలో. "మొదట్లో తల కూడా దువ్వుకునేది కాదు. ఇప్పుడు నవ్వుతాంది. నాకే ఆశ్చర్యం."

నిజంగానే ఇల్లు అద్దంలా ఉంది. గోడలు కొత్తగా అలికి ఉన్నాయి. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఓబులమ్మ తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని, మాకు చాప వేసింది. నేను గోడనని తెలియదు పాపం, నాకూ మజ్జిగ ఇచ్చింది.

"పాప యాడక్కా?" అంది హేమావతి.

"మా అన్న ఇంటికి పంపిస్తి. కణేకల్‌కి. ఆడ కాలవ నీళ్ళుండాయి, బడి ఉండాది. మా ఒదిన మంచిది. బాగా సూసుకుంటాది."

"మంచి పని చేసినావక్కా! కోళ్ళు కనపడవే?"

"నాగలక్ష్మమ్మకు ఇచ్చేస్తి. నాకేటికి ఇంగ?"

"అవునులే, వాటికి మేత యాడ తేవల్ల ఈ కరువులో. అక్కా, నువ్వు ఇట్ల ఒక్కొక్కటీ చక్కబెట్టుకుంటాంటే నాకు ఎంత సంతోషమో!"

ఓబులమ్మ నవ్వింది. తరవాత గుమ్మం బయటికి చూస్తూ, "నా పనంతా అయిపోయిండాది పాపా. ఇంగ నాకు ఈడ..." అంది.

"అట్లనకూడదక్కా, అశుభం!" హేమావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "మంచి మాటలే అనుకోవల్ల. వచ్చే నెల వానలు పడతాయంట, రేడియోలో చెప్పినారు."

కాసేపు వానల గురించి నడిచింది. మళ్ళీ ఓబులమ్మ, "రాత్రిళ్ళు ఆయప్ప పిలిచినట్ల..." అని మొదలుపెట్టింది. "కలలక్కా అవి, పట్టించుకోవద్దు" అంది హేమావతి, చక్కగా నవ్వి.

మేం లేవబోతుంటే ఓబులమ్మ పెట్టెలోంచి ఒక చీర తీసింది. ఆకుపచ్చ ధర్మవరం పట్టు, ఎర్రంచు. పెళ్ళి చీర. నలగకుండా తెల్ల గుడ్డలో చుట్టిపెట్టుకుంది.

"నువ్వు నేసేవాళ్ళ బిడ్డవి. దీని ఇలవ నీకే తెలుస్తాది. పెట్టుకో."

హేమావతి వద్దు వద్దంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకొని తీసుకుంది. నా మొహం మారలేదు. మార్కులేస్తే నాకు నూటికి నూరు.

పదకొండు గంటల బస్సు దొరికింది. కండక్టరు నా తెల్ల వెంట్రుకలు చూసి కిటికీ పక్క సీటు ఇప్పించాడు. గాలి తగులుతుంటే అప్పుడు, బస్సు ఊరు దాటాక, నాకు సరోజ గుర్తొచ్చింది.

ఆస్పత్రికి చివరిసారి వెళ్ళే ముందు సరోజ ఊరగాయ జాడీలన్నీ తీసి అరుగు మీద పెట్టింది. మాగాయ ఎదురింటికి, నిమ్మకాయ మూలింటికి, చింతకాయ తొక్కు పాలు పోసే ఆమెకు. ఒక్కొక్కరికీ ఎన్నాళ్ళు నిలవుంటుందో, ఎప్పుడు నూనె పొయ్యాలో చెప్పి ఇచ్చింది. ఇల్లంతా సర్దింది. ఆ రోజు ఆమె మొహంలో నెలల తరవాత నవ్వు చూసి, "ఒంట్లో కొంచెం బాగున్నట్టుందే" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

కోళ్ళు. పాప. పెళ్ళి చీర. బోర్లించిన గిన్నెలు.

"హేమా, నేనొక మాట చెప్పాలి. ఓబులమ్మ..."

"సార్ సార్ సార్!" హేమావతి రెండు చేతులూ ఎత్తింది. "బస్సులో ఫీడ్‌బ్యాక్ ఇయ్యకూడదు. మీకు నిన్నే చెప్పినారు కదా. సమాన ఎత్తు కుర్చీలు ఉండల్ల, వేరే గది ఉండల్ల. మీకు మార్కులు తగ్గుతాయి సార్."

"మార్కులు పోనీలే తల్లీ, ఇది..."

"నా కోసమన్నా వద్దు సార్. నాకు ఇప్పుడే చెప్పేస్తే కెమెరా ముందర నేను కొత్తగా విన్నట్ల ఎట్ల ఉండేది? నా పర్మనెంటు దాని మీదే ఉండాది."

చీర సంచిని ఒళ్ళో పెట్టుకొని కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్లకు ఓబులమ్మ అంటే ప్రాణం. అందులో అనుమానం లేదు. అందుకే ఆమెతో ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. ఇక్కడ దిగి వెనక్కి పోదామన్నా మళ్ళీ ఆ ఊరికి బస్సు అనంతపురంలో నాలుగున్నరకే బయల్దేరుతుంది.

ఉరవకొండ బస్టాండులో బస్సు ఆగినప్పుడు దిగి, ఎస్టీడీ బూతు నుంచి ఆ పల్లెలో అంగడికి ఫోను చేశాను. అంగడి ఎర్రిస్వామి ఎత్తాడు. పక్కింటి నాగలక్ష్మమ్మకు ఒక మాట చెప్పమన్నాను: సాయంత్రం మేం వచ్చేదాకా ఓబులమ్మను తన ఇంట్లోనే, తన కళ్ళ ముందే ఉంచుకొమ్మని.

"ఏమని చెప్పి ఉంచుకునేది సార్?"

"శెనక్కాయలు వలిచేది ఉందని చెప్పమను."

"ఇత్తనమే ఎయ్యని ఏడు శెనక్కాయలు యాడివి సార్?" అన్నాడు. మళ్ళీ తనే, నా గొంతులో ఏం వినపడిందో, "సరేలే సార్, ఏదో ఒకటి చెప్తాం. పోతాండా ఇప్పుడే" అని ఫోను పెట్టేశాడు. నేను బూతులోంచి వచ్చేదాకా కండక్టరు విజిలు వెయ్యలేదు.

ఆఫీసుకు రాగానే డైరెక్టరు వనజాక్షి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. జీపు కావాలన్నాను. ఎందుకో చెప్పాను. ఆమె మంచి మనిషే. మొహం పాలిపోయింది. కానీ జీపు విదేశీ సంస్థ అతిథిని తేవడానికి బెంగళూరు వెళ్ళింది.

"బస్సు నాలుగున్నరకు కదండీ. ఈలోగా ఫీడ్‌బ్యాక్ అయిపోతుంది," అన్నారు. "ప్రవీణ్ గారికి రేపు వేరే జిల్లా. ఈరోజు తప్పితే క్యాసెట్టు ఉండదు. మీరు చెప్పాల్సింది ఆ అమ్మాయికే కదా, కెమెరా ముందు చెబితే మాత్రం ఏం? మీకు చెప్పే పద్ధతి కూడా నేర్పారు."

అది తర్కానికి దగ్గరగానే ఉంది. ఒప్పుకున్నాను.

మూడింటికి కుర్చీల వెతుకులాట మొదలైంది. ఆఫీసులో ఒక ఎత్తున్న కుర్చీలు రెండు లేవు. చివరికి నా కుర్చీ కింద పాత వార్షిక నివేదికల కట్ట పెట్టి సమానం చేశారు. ప్రవీణ్ గారు కెమెరా వెనక నిలబడి వేలెత్తారు. ఎర్ర దీపం వెలిగింది. మిగతా సూపర్‌వైజర్లు గోడ వెంట కూర్చున్నారు. మేడమ్ కిటికీ దగ్గర. తిమ్మక్క గుమ్మంలో, ఎప్పటిలాగే.

పైపొర చెప్పాను. "హేమావతి గారూ, మీరు ఎండలో అంత దూరం నడిచి వచ్చారు. చెప్పులు బయట విప్పారు. ఆమె చెయ్యి పట్టుకున్నారు." అన్నీ నిజాలే. ఆమె మొహం విప్పారింది.

ఇక మధ్యది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 'తప్పు', 'లోపం', 'భయం' అనే మాటలు నిషేధం. వాటికి బదులు 'వికాసావకాశం' అనాలి. ఆ మాట సోమవారం నుంచి ముప్పై సార్లు పలికి నా నాలుక దానికి అలవాటు పడింది.

"ఓబులమ్మ గారు మాట్లాడబోయినప్పుడు ఆమె మాటను పూర్తి చెయ్యనిచ్చే వికాసావకాశం మీకు ఉంది. ఆమె ఇస్తున్న వస్తువుల గురించి ఆమెనే అడిగి తెలుసుకునే వికాసావకాశం కూడా ఉంది."

చెప్పి, ఆమె కళ్ళలోకి చూశాను. ప్రవీణ్ గారు కిందిపొర అన్నట్టు చెయ్యి తిప్పారు. "ఆమెకు మీరంటే చాలా నమ్మకం," అన్నాను.

"ఇప్పుడు హేమావతి గారు తాము విన్నది తమ మాటల్లో చెబుతారు," అన్నారు ప్రవీణ్ గారు.

హేమావతి కెమెరా వైపు తిరిగింది. "నేను చేసే పని బాగుండాదని సార్ చెప్పినారు. అన్నిటికన్నా ముఖ్యమైంది మధ్యలో చెప్పినారు, అదే పూర్ణం. ఓబులమ్మక్క నన్ను నమ్మి వస్తువులు ఇస్తాంది, నాకు మంచి అవకాశముంది అని. ఇంగా ఎక్కువగా పోయి, ఆయమ్మను ఇంగా ఉత్సాహపెడతాను సార్."

"బ్రహ్మాండం!" ప్రవీణ్ గారు చప్పట్లు కొట్టారు. గోడ వెంట ఉన్నవాళ్ళూ కొట్టారు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

నేను కుర్చీలోంచి లేచాను. నివేదికల కట్ట జారి కుర్చీ పక్కకు ఒరిగింది.

"హేమా, విను. ఓబులమ్మ సచ్చిపోవల్లనుకుంటాంది."

చప్పట్లు ఆగిపోయాయి.

"బిడ్డను పంపించేసింది. కోళ్ళను ఇచ్చేసింది. పెళ్ళి చీర నీకిచ్చింది. చక్కబెట్టుకుంటాంది, నిజమే. పోయేవాళ్ళు చక్కబెట్టుకున్నట్ల. నీతో చెప్పుకుందామని నోరు తెరిస్తే రెండుసార్లూ నువ్వే మూసినావు. నీ పని బాలేదు తల్లీ ఈ రోజు. బాలేదు."

"శ్రీరంగప్ప గారూ!" మేడమ్ లేచి నిలబడ్డారు. "అట్లా నోటితో అనడమేమిటండీ, అశుభం!"

ప్రవీణ్ గారు కెమెరా పక్కకు వచ్చారు. ఆయన గొంతు చాలా శాంతంగా ఉంది. "మీరు లేవనెత్తింది చాలా ముఖ్యమైన విషయం. కానీ ఇది బలాల మీద ఆధారపడిన భాష కాదు. దీన్ని ఇప్పటికి పార్క్ చేద్దాం." పసుపు కాగితం తీసి, 'చావు' అని రాసి, కక్కసులో నీళ్ళ పక్కన అంటించారు.

"ఓ సారూ," అంది తిమ్మక్క గుమ్మంలోంచి. "దాన్ని ఆడ అంటిస్తే ఆగుతాదా?"

ఆయన కాగితం అంచును బొటనవేలితో ఇంకోసారి నొక్కారు. బహుశా ఆ ప్రశ్నను కూడా మనసులోనే పార్క్ చేసుకొని ఉంటారు.

హేమావతి ఏడుస్తోంది. మంగళవారం పిల్ల ఏడ్చినట్టు కాదు. చప్పుడు లేకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. "బస్సులోనే చెప్పుంటే ఏమి సార్?" అంది.

"నువ్వే వద్దంటివి కదమ్మా."

"వద్దంటే మానేస్తారా?"

ఆమె చీర సంచి తీసుకొని చెప్పుల కోసం చూస్తోంది. ప్రవీణ్ గారు, "కిందిపొర ఇంకా ఉంది, దయచేసి కూర్చోండి" అంటున్నారు. తిమ్మక్క నా చేతిలో ఒక కాగితపు పొట్లం పెట్టింది. "పొద్దున బజ్జీలు. ఇద్దరూ ఏమీ తినలే. బస్సుకు పోండి, పోండి."

నాలుగున్నర బస్సులో హేమావతి ఒక్కటే మాట అడిగింది. "అడిగితే లేనిది గుర్తు చేసినట్లు కాదా సార్? మా అమ్మ అట్లాంటి మాటలు నోట రానిచ్చేది కాదు."

"నేనూ అట్లే అనుకున్నాను. నా భార్య సరోజను చివరి రోజుల్లో అడగలేదు," అన్నాను. "కానీ తను పోతున్న సంగతి ఆమెకు తెలిసిందే కదా. నాకు తెలిసిందో లేదో అని చూసింది. ఓబులమ్మకూ మనం గుర్తు చెయ్యాల్సిన పని లేదు. గుర్తుండేది ఆమెకే. మనం అడిగితే, ఆ బరువు ఒక్కతే మొయ్యకుండా ఉంటుంది."

బజ్జీలు చల్లారిపోయాయి. ఆమె ఒకటి తింది, నేనొకటి తిన్నాను.

దిగేసరికి పొద్దు గుంకుతోంది. నాగలక్ష్మమ్మ ఇంటి ముందు ఓబులమ్మ కూర్చొని, చేటలో కందిపప్పులోంచి రాళ్ళు ఏరుతోంది. పక్కన ఏరేసిన కుప్ప ఇంకోటి. ఎర్రిస్వామి అంగట్లో ఉన్న పప్పంతా తెచ్చి పోసినట్టున్నాడు. అంత శుభ్రమైన పప్పు ఆ మండలంలో ఎవరూ అమ్మి ఉండరు.

"ఏమి పాపా, పొద్దున్నే వచ్చిపోతివి కదా?" అంది ఓబులమ్మ.

హేమావతి ఆమెను ఇంట్లోకి తీసుకెళ్ళింది. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. గోడ వెనక ఉన్నాను తప్ప ఈసారి నేను గోడను కాదు.

"అక్కా, ఈ చీర నాకొద్దు," అని వినిపించింది. "ఒక మాట అడుగుతా, తిట్టుకోవద్దు. సచ్చిపోవల్లనుకుంటాండావా?"

లోపల మాట లేదు. వీధిలో మేక ఒకటి అరిచి ఊరుకుంది. హేమావతి గురించి నాకు తెలుసు. మౌనం కనపడితే దాన్ని నింపకుండా ఉండలేదు. వానల గురించి ఎత్తుతుందని, రేడియో గురించి ఎత్తుతుందని పళ్ళ బిగువున కాచుకున్నాను. ఎత్తలేదు. ఆ పిల్లకు అది ఎంత కష్టమో మెచ్చుకోవడానికి అక్కడ కెమెరా లేదు.

"పాపకు బడి డ్రస్సు కుట్టిచ్చి పంపినాంక అనుకుంటి," అంది ఓబులమ్మ చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "శనివారం పంపిస్తి."

"ఊఁ."

"నీకు చెప్దామని చూస్తి. నువ్వు ఊరికే వానలంటావు, రేడియో అంటావు."

"నిజమే అక్కా."

"ఆర్నెల్ల నుంచి వస్తాండావు. ఇంతమంది వస్తిరి, పోతిరి, రాసుకుంటిరి. ఒక్కరన్నా ఈ మాట అడిగినారా? అడిగేకి ఇంతసేపు పట్టెనా మీకు?"

తరవాత ఆమె ఏడ్చింది. పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నాగలక్ష్మమ్మ రెండు కోళ్ళను రెక్కలు పట్టుకొని వచ్చేసింది.

"తీసుకో తల్లీ నీ కోళ్ళు! నా పుంజును పొడిచి సంపుతాండాయి. నువ్వుండావు కాబట్టి నువ్వే ఏగు వాటితో." వాటిని గుమ్మంలో వదిలి, కొంగుతో కళ్ళు తుడుచుకొని, "సంగటి చేస్తాండా, ముగ్గురికీ తెస్తా. నోరు మూసుకొని తినల్ల" అంది నా వైపు కూడా చూస్తూ.

ఎర్రిస్వామి అంగడి నుంచి కణేకల్‌కు ఫోను చేశాను. అన్న పొద్దున బస్సుకే పాపను తీసుకొని వస్తానన్నాడు. అందరూ కలిసి అనంతపురం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి పోవాలని మాట అయింది. ఓబులమ్మ మొదట వద్దంది. తరవాత, డాక్టరు కూడా రేడియో సంగతులు చెబితే లేచి వచ్చేస్తానంది. హేమావతి ఆమెను అడిగి, మూల ఉన్న పురుగుల మందు డబ్బాను బయటికి తెచ్చి ఎర్రిస్వామికి ఇచ్చేసింది.

"నేను ఈ పొద్దు ఈడనే పడుకుంటా సార్," అంది.

క్లయింటు ఇంట్లో పడుకోవడం మా నియమాల్లో పదకొండోదానికి విరుద్ధం. చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను.

"రాత్రి ఏం చెయ్యాలో తెలుసా?"

"తెలుసు సార్. ఆయమ్మ మాట్లాడితే వినల్ల. మాట్లాడకుంటే ఊరికే ఉండల్ల." కాస్త ఆగి, "మీ రిపోర్టులో ఏం రాస్తారు?" అంది.

"పొద్దున బాలేదని రాస్తాను. సాయంత్రం బాగుందని రాస్తాను. మధ్యలో ఏమీ లేదు."

ఆమె నవ్వలేదు. అది నవ్వే మాట కాదని నాకు తరవాత తోచింది. తల ఊపి లోపలికి వెళ్ళింది. లోపల దీపం కింద ఓబులమ్మ ఎర్రంచు చీరను మళ్ళీ తెల్ల గుడ్డలో చుడుతోంది. బోర్లించిన గిన్నెల్లో ఒకటి తిప్పి ఉంది. దాంట్లో సంగటి. కోళ్ళు రెండూ మంచం కింద సర్దుకుంటున్నాయి.

చివరి బస్సు లైటు దూరంగా కనిపించింది. నేను అరుగు దిగాను. హేమావతి గుమ్మం దగ్గరికి వచ్చి, వీధిలోకి ఒకసారి చూసి, కీలు చప్పుడు కాకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది.